లేవకుండా ఎన్ని కట్టలు?

జనవరి 20, 2025, సోమవారం

ఫారం ఫైనల్ అయింది. నలభై రెండు ప్రశ్నలు. రాసింది నేనే, దిద్దింది నేనే, టాబ్‌లో ఎక్కించింది నేనే. చక్రవర్తి సార్ చదివి ఒక్క కామా కూడా మార్చలేదు. మా ప్రాజెక్టుకు ఆయనే హెడ్. ఆయన కామా మార్చకపోవడం మామూలు విషయం కాదు. ఆ సంతోషంలో ఆఫీసు మొత్తానికి నేనే మిర్చీలు తెప్పించాను.

సంగతి ఇదీ. ఎడపల్లి మండలంలో ఒక కొత్త క్లినిక్ పెడతారు. వారానికి రెండు రోజులు డాక్టర్ వచ్చి కూర్చుంటుంది. మందులు ఉచితం, పరీక్షలు అక్కడే. కానీ ఒక్క చోటే పెట్టడానికి వీలుంది. లిస్టులో చివరికి మిగిలినవి రెండు. ఒకటి మా క్యాంపు. రెండోది మూడు కిలోమీటర్ల అవతల ఉన్న బీడీ కాలనీ. ఎక్కడ జబ్బులు ఎక్కువ ఉంటే అక్కడికి డాక్టర్. పలుకుబడి కాదు, డేటా చెప్పాలి. మీటింగ్‌లో ఈ మాట అన్నది నేనే. అన్నాక కాస్త పొగరుగా కూడా కూర్చున్నాను.

క్యాంపు అంటే మా తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ మా వాళ్ల ఊరు. అమ్మా నాన్నా అక్కడే. సొంత ఊరు లిస్టులో ఉందని సార్‌కు ముందే చెప్పాను. నువ్వు ఒక్క ఇల్లు కూడా అడగకు బిందూ, ఆశా వర్కర్లు అడుగుతారు అన్నారు. న్యాయమే.

జనవరి 23, గురువారం

ఆశా వర్కర్లకు ట్రైనింగ్. బీడీ కాలనీ ఆశా పేరు హన్మవ్వ. నలభై ఎనిమిదేళ్లట. టాబ్‌ను రెండు చేతులతో పళ్లెంలా పట్టుకుంది. నలభై రెండు ప్రశ్నలూ విని, గివన్ని అడిగెటాళ్లకు వాళ్ల కూర మాడిపోతది మేడం అంది. మొన్న నవంబర్లనే ఇంటింటి సర్వే అని వచ్చి తలుపులకు స్టిక్కర్లు అంటించి పోయిండ్రు, గా స్టిక్కరే ఇంక ఊడలే, మల్ల మీరా అని కూడా అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాటలు కలపకూడదు, కలిపితే డేటా పాడవుతుంది అని గట్టిగా చెప్పాను. సరే మేడం అంది.

ఫిబ్రవరి 3, సోమవారం

డేటా మొత్తం వచ్చేసింది. క్యాంపులో నూట ఇరవై ఆరు ఇళ్లు. అందులో తొంభై ఏడు ఇళ్లలో కనీసం ఒకరికి జబ్బు ఉంది. బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్లు, గుండెలో స్టెంట్లు. బీడీ కాలనీలో నూట నలభై ఏడు ఇళ్లు. జబ్బు ఉందన్నవి ఇరవై ఏడే. వందకు డెబ్భై ఏడు ఒకచోట, పద్దెనిమిది ఒకచోట. ఇంత తేడా ఉంటే ఇక వాదించేదేముంది.

క్లినిక్ మా క్యాంపుకే.

సార్ ముందు ముఖం మామూలుగా పెట్టుకున్నాను. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. చెప్పకూడదు. చెప్పేశాను. అమ్మకు షుగర్, బీపీ, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నెలకోసారి నిజామాబాద్ వచ్చి, ఖలీల్‌వాడిలో డాక్టర్ గది బయట మూడు గంటలు కూర్చుని, పాదాలు వాచి ఇంటికి వెళ్తుంది. ఇంటి పక్కకే డాక్టర్ వస్తుందంటే, ఇన్నాళ్లకి నీ చదువు నాకు పనికొచ్చిందే అంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

నాన్న అప్పుడే కమ్యూనిటీ హాల్ పక్క గది ఖాళీ చేయించాడట. ఇంకా ఏదీ ఖరారు కాలేదు నాన్నా అంటే, నీకు తెలీదులే అమ్మాయ్, మనం రెడీగా ఉండాలి అన్నాడు.

ఫిబ్రవరి 6, గురువారం

రిపోర్టుకు టేబుళ్లు చేస్తున్నాను. ఒక అంకె దగ్గర ఆగిపోయాను. 'మీరు పొగాకు వాడతారా?' బీడీ కాలనీలో ఇంటికో ఆడమనిషిని అడిగాం కదా, ఆ నూట నలభై ఏడు మందిలో నూట పద్దెనిమిది మంది 'అవును'. సార్ చూసి హడలిపోయారు. వెంటనే పొగాకు మాన్పించే పోస్టర్లు వేయిద్దాం, కౌన్సెలర్‌ను పిలిపిద్దాం అన్నారు.

హన్మవ్వకు ఫోన్ చేశాను. నవ్వింది. ఆగి మళ్లీ నవ్వింది. తంబాకు వాడకుంట బీడీలెట్ల చేస్తరు మేడం అంది. మరి టాబ్‌లో ఎందుకు కొట్టారని అరిచాను. సొంత మాట కలపొద్దని మీరే అంటిరి గద, ఉన్నది ఉన్నట్టు సదివిన, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కొట్టిన అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను అడిగింది నోట్లో పెట్టుకునే పొగాకు. వాళ్లు చెప్పింది ఒళ్లో పెట్టుకునే పొగాకు.

తర్వాత 'మీ వృత్తి' కాలమ్ తెరిచాను. నూట పద్నాలుగు మంది 'పని లేదు'. పొద్దున్న లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా బీడీలు చుట్టే మనుషులకు పని లేదని నా ఎక్సెల్ షీట్‌లో ఉంది. రెండు ప్రశ్నలు ఇలా తగలడితే మిగతా నలభైకి గ్యారంటీ ఏమిటి? రేపు నేనే వెళ్తున్నాను. సార్‌కు చెప్పలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

బస్సు దిగేసరికే వాసన. కాలనీలో ప్రతి అరుగు మీదా నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక చాట. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు. చేతులు ఆగవు. మాట్లాడుతున్నా ఆగవు. పది నిమిషాలకే నా గొంతులో గరగర మొదలైంది.

భూమవ్వ అనే పెద్దావిడ పక్కన కూర్చున్నాను. అరవై దాటి ఉంటాయి, ఆవిడకు తెలియదు. నా ఫారంలో ఉన్న ప్రశ్నే నా నోటితో అడిగాను. మీకేమైనా అనారోగ్యం ఉందా అవ్వా? ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న అంది. ఆ రెండు మాటలకు మధ్య మూడుసార్లు దగ్గింది. దగ్గుతో ఆవిడ చాట కూడా కదిలింది, తంబాకు కొంచెం చీర మీద పడింది, ఒక్క రవ్వ కూడా వృథా కాకుండా ఎత్తి మళ్లీ చాటలో వేసుకుంది. ఏం పని చేస్తారంటే, ఏం పని లేదు, ఖాళీనే, ఇంట్ల కూసుండి బీడీలు చేస్త అంది. పని అంటే పొలానికి పోవడమట. కూర్చుని చేసేది పని కాదట.

పక్కింట్లో సుష్మ. ఇరవై ఆరేళ్లు. మూడేళ్ల కూతురు చాట పక్కనే నిద్రపోతోంది. ఈ అమ్మాయికీ ఏమీ లేదు. మంచిగనే ఉంది. జబ్బంటే పడుకోవాలి గదక్కా, నేను పడుకుంటలేను గద అంది.

బస్సులో తిరిగి వస్తుంటే కోపం వచ్చింది, నా మీద. మా అమ్మను ఎవరడిగినా షుగర్ రెండొందల పది అని అంకెతో సహా చెబుతుంది. ఎలా? ఒక డాక్టర్ కొలిచి చెప్పాడు కాబట్టి. నాకు జబ్బుంది అని ఒక మనిషి చెప్పాలంటే, ముందు ఎవరో ఒకరు ఆ మనిషికి చెప్పి ఉండాలి. నా ఫారం జబ్బులను కొలవలేదు. డాక్టర్ దాకా ఎవరు వెళ్లగలిగారో అది కొలిచింది. ఇప్పుడు ఆ కొలత చూపించి, ఇప్పటికే డాక్టర్ ఉన్నవాళ్లకు ఇంకో డాక్టర్‌ను ఇవ్వబోతున్నాను.

ఇదంతా మీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదని హన్మవ్వకు ఫోన్ చేసి నిలదీశాను. మీరు నన్ను అడగలే గద మేడం అంది. వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 8, శనివారం

నలభై రెండు ప్రశ్నలు, ఒక్కటి కూడా కూర్చుని ఉన్న మనిషి గురించి కాదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మళ్లీ కాలనీకి వెళ్లాను. ఈసారి అడగాల్సిన మనిషిని అడిగాను. ఇక్కడ ఎవరికి ఒంట్లో బాగాలేదో మీకెలా తెలుస్తుంది అని హన్మవ్వను అడిగాను.

పండుకుంటే రోగమంటరు, కూసుంటే మంచిగున్నమంటరు, నడిమిట్ల లేసుడు ఉన్నది గద, గదే సూడాలె అంది.

నాకు అర్థం కాలేదు. నా ముఖం చూసి చెప్పింది. పాతిక బీడీలకు దారం చుడితే ఒక కట్ట. అరుగు మీద అందరూ ఒకేసారి కూర్చుంటారు. లేవకుండా ఎవరు ఎన్ని కట్టలు చేస్తారన్నది ఇక్కడ చిన్నప్పటి నుంచీ పంతం. ముందు లేచినామెను మిగతావాళ్లు ఏడిపిస్తారు. అందుకని ఎవరి లెక్క వాళ్లకు బాగా గుర్తు. భూమవ్వకు తన వయసు తెలియదు కానీ, పెద్దకొడుకు పుట్టిన ఏడు లేవకుండా పద్నాలుగు కట్టలు చేసేదన్నది తెలుసు.

హన్మవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి చూపించింది. ఇప్పుడు లేవకుంట ఎన్ని కట్టలు చేస్తున్నవ్ అవ్వా? మూడు అంది భూమవ్వ. మరెందుకు లేస్తవ్? దమ్ము ఆడది బిడ్డా, గోడ వట్టుకొని నిలవడ్త, కూసుంటే ఊపిరి అందది, రెండేండ్ల సంది గట్లనే అంది. మూడు రోజుల కిందట నాతో మంచిగనే ఉన్న అన్న మనిషి. అదే అరుగు, అదే నోరు.

సుష్మకు మొదట్లో పన్నెండు, ఇప్పుడు ఐదు. ఎందుకు లేస్తవ్ అంటే, దగ్గొస్తది, పిల్ల లేస్తదని అవుతలికి పోయి దగ్గొస్త అంది. ఎన్ని రోజుల నుంచి? దసర కాడి నుంచి.

జబ్బు ఉందా అంటే వాళ్లకు తలవంపులా ఉంటుంది. కట్టలు ఎన్ని అంటే అది వాళ్ల పనితనం గురించి. పనితనం గురించి అడిగితే ఎవరైనా ఉన్నదున్నట్టు చెబుతారు. ఇది తెలుసుకోవడానికి నేను రెండేళ్లు పీజీ చదివాను, తెలుసుకోలేదు. హన్మవ్వ పదో తరగతి. ఆమెకు దండం పెట్టాలనిపించింది. సిగ్గేసి పెట్టలేదు.

రేపటి నుంచి కాలనీ అంతా మళ్లీ అడుగుతాం. మూడే ప్రశ్నలు. అప్పుడు లేవకుండా ఎన్ని కట్టలు? ఇప్పుడు ఎన్ని? ఎందుకు లేస్తవ్?

ఫిబ్రవరి 13, గురువారం

ఆమె అడిగే తీరు రాసి పెట్టుకోవాలి, మర్చిపోతాను. తడిపిన ఆకు అప్పుడే విప్పుతున్న ఇంటికి వెళ్లదు, ఆ టైంలో ఎవరికీ మాట మీద మనసుండదు. వెళ్లగానే కూర్చుంటుంది. కత్తెర తీసుకుని వాళ్ల ఆకే కత్తిరించి పెడుతూ అడుగుతుంది. అత్త ముందు కోడలిని అడగదు, కోడలు నీళ్లకు లేచినప్పుడు వెంట వెళ్తుంది. టాబ్ మాత్రం నాకిచ్చేసింది, మీరు కొట్టండ్రి మేడం, నేను దాన్ని సూస్తె వాళ్లు నన్ను సూడరు అంది. నేను వెనకాల నిలబడి కొడుతున్నాను. మేడం అనొద్దని చెప్పాను. సాయంత్రానికి బిడ్డా అంటోంది.

ఫిబ్రవరి 17, సోమవారం

కాలనీలో మేం అడిగినవాళ్లలో బీడీలు చేసేవాళ్లు నూట ఇరవై ఒక్కరు. అందులో తొంభై నాలుగు మందికి కట్టలు సగానికి సగం పడిపోయాయి. ఎందుకు లేస్తారంటే, దగ్గు, దమ్ము యాభై ఒక్కరికి. కళ్లు మసకలు పందొమ్మిది మందికి. నడుము, మెడ పదిహేడు మందికి. మిగతా ఏడుగురికి వేళ్ల తిమ్మిర్లు.

సార్ ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు, అనుమానం ఆయన ఉద్యోగం. బీడీ కార్ఖానా వాళ్లు ఆకు తక్కువ ఇస్తున్నారేమో, అందుకే కట్టలు తగ్గాయేమో అన్నారు. అక్కడే ఫోన్ స్పీకర్‌లో పెట్టి హన్మవ్వక్కను అడిగించాను. ఆకు తక్కువిస్తే దినం లెక్క తక్కువైతది సార్, కూసునుడు ఎందుకు తక్కువైతది అంది. సార్ తల ఊపారు. వయసు మీద పడితే ఎవరికైనా తగ్గుతుంది కదా అన్నారు. ముప్పై అయిదేళ్లలోపు వాళ్లను విడదీసి చూపించాను. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై ఆరుగురికి సగానికి పడిపోయింది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

చివరికి, నేను నమ్ముతాను, కానీ పైవాళ్లు 'లేవడం' అనే జబ్బు ఉందంటే ఒప్పుకోరు, పేరున్న జబ్బు కావాలి అన్నారు. మార్చి మూడున మీటింగ్. అప్పటికి మన దగ్గర అది లేకపోతే పాత అంకెలే వెళ్తాయి, క్లినిక్ క్యాంపుకు వెళ్తుంది అన్నారు.

ఫిబ్రవరి 19, బుధవారం

రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు పందొమ్మిది మంది. హన్మవ్వక్క పందొమ్మిది ఇళ్లకూ తెమడ డబ్బాలు ఇచ్చి వచ్చింది. ఈరోజు పొద్దున్నే అన్నీ తిరిగి తెచ్చింది. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. బోధన్‌కు పరీక్షకు తీసుకుపోవడానికి బస్సెక్కితే, సీటు ఉండి కూడా సంచి ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గరే కూర్చుంది. ఎవలకన్న తగిలితే వాళ్ల పాపం నాకెందుకు అంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

నలుగురికి టీబీ. ఒకరు సుష్మ.

మొదటి సర్వేలో ఆమె ఫారం తీసి చూశాను. ఎనభై ఎనిమిదో నంబర్. 'జబ్బు: లేదు.' 'పొగాకు వాడకం: ఉంది.' 'వృత్తి: పని లేదు.' మూడు గళ్లు, మూడూ తప్పు. ఆ ఫారం మీద నా సంతకం కూడా ఉంది, వెరిఫైడ్ అని.

ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. మూడు వారాల కిందట ఇదే ఆఫీసు నుంచి అమ్మకు సంతోషంగా ఫోన్ చేశాను. ఆ రోజు కూడా సుష్మ దగ్గడానికి ఇంటి వెనక్కి వెళ్లే ఉంటుంది.

సాయంత్రం హన్మవ్వక్క ఫోన్. నలుగురికీ మందులు మొదలుపెట్టించిందట. సుష్మ కూతురికి, అత్తకు కూడా పరీక్షలు చేయిస్తుందట. ఆరు నెలలు మింగాలె, నేను రోజు పోయి మింగిపిస్త, నువ్వు ఏడ్వకు అంది. నేను ఏడ్చినట్టు చెప్పలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

ఇంటికి వెళ్లాను. నాన్న నన్ను మొదట ఆ గదికే తీసుకెళ్లాడు. లేత నీలం రంగు వేయించాడు. ఫ్యాను బిగించారు. వెయిటింగ్‌లో కూర్చోవడానికి వడ్రంగి చేత రెండు బెంచీలు చేయించాడు, ముసలివాళ్లకు వీపు ఆనించుకోవడానికి వీలుగా. మీ అమ్మ కోసం ఎత్తు కొలిచి చేయించాను, మోకాలు మరీ వంగక్కర్లేదు అన్నాడు. ఆ బెంచీ మీద కూర్చునే చెప్పాను. క్లినిక్ ఇక్కడికి రాకూడదు నాన్నా, బీడీ కాలనీకి వెళ్లాలి, మీటింగ్‌లో అదే చెప్పబోతున్నాను.

మా జబ్బులు జబ్బులు కావా అన్నాడు. నిజంగానే అడిగాడు. ఆయనకూ స్టెంట్ ఉంది. మీ జబ్బుకి పేరుంది నాన్నా, ఫైలుంది, డాక్టరున్నాడు, వాళ్లకి ఇంకా ఏదీ లేదు అన్నాను. సొంత ఊరికి అన్యాయం చేసి నీకేం ఒరుగుతుంది అన్నాడు. రేపటి నుంచి ఈ క్యాంపులో నేను తలెత్తుకుని తిరగక్కర్లేదా అన్నాడు. రత్తయ్య కూతురే క్లినిక్ పోగొట్టింది అంటారు. అంటారు, నిజమే.

అమ్మ ఉపవాసం. ఇంటికొచ్చాక ఆమెకు సుష్మ సంగతీ చెప్పాను. ఆ టీబీ వచ్చిన అమ్మాయికి ఎన్నేళ్లు అంది. ఇరవై ఆరు అన్నాను. పిల్లలున్నారా అంది. మూడేళ్ల కూతురు అన్నాను. అమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది.

మార్చి 3, సోమవారం

కలెక్టరేట్‌లో మీటింగ్. హన్మవ్వక్కను కూడా తీసుకెళ్లాను. ఇస్త్రీ చేసిన ఆశా చీర, చేతిలో సంచి. కుర్చీ అంచు మీదే కూర్చుంది.

నేను ముందు నా తప్పు చెప్పాను. పాత టేబుల్, కొత్త టేబుల్ పక్కపక్కన పెట్టాను. పొగాకు ప్రశ్న సంగతి చెబితే గదంతా నవ్వింది. టీబీ అంకె చెబితే ఆగింది. లిస్టులో ఉన్న రెండో ఊరు నాదే అని కూడా చెప్పాను.

ఒక ఆఫీసర్ అడిగారు, మొదటిసారి అబద్ధం చెప్పినవాళ్లు రెండోసారి నిజం చెప్పారని ఏమిటి నమ్మకం అని. నేను నోరు తెరిచేలోపు హన్మవ్వక్క లేచి నిలబడింది. రోగం గురించి అబద్ధం చెప్తరు సార్, కట్టల గురించి చెప్పరు, పక్కన కూసున్నోళ్లకు ఎరుకే గద అంది. ఆ ఆఫీసర్ నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నారు. నేను చూశాను.

క్లినిక్ బీడీ కాలనీకి. మంగళవారం, శుక్రవారం. క్యాంపులో నెలకోసారి బీపీ, షుగర్ పరీక్షలు. కోటగిరి, ముప్కాల్ వైపు సర్వే మొదలుపెట్టే ముందు అక్కడి ఆశాలతో కూర్చుని ప్రశ్నలు రాయాలని కూడా రాసుకున్నారు. నా నలభై రెండు ప్రశ్నలను పక్కన పెట్టేశారు. బాధేమీ అనిపించలేదు. కొంచెం అనిపించింది.

మెట్లు దిగుతూ హన్మవ్వక్కకు దండం పెట్టాను. గిదేంది బిడ్డా, అందరు సూస్తుండ్రు అంది.

మార్చి 9, ఆదివారం

నాన్న మాట్లాడటం లేదు. అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెడితే పక్కన టీవీ సౌండ్ పెంచుతున్నాడు.

మార్చి 18, మంగళవారం

క్లినిక్ మొదలైంది. కాలనీ మహిళా సంఘం వాళ్లు తమ గది ఇచ్చారు. డాక్టర్ సుచిత్ర వయసులో నాకంటే చిన్న. పొద్దున్న తొమ్మిదికే అరవై ఒక్క మంది.

మొదట భూమవ్వ. ఏం బాధ అమ్మా అని డాక్టర్ అడిగింది. ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న అంది భూమవ్వ. డాక్టర్ నా వైపు చూసింది. నేను హన్మవ్వక్క వైపు చూశాను. ఆమె ముందుకు వంగి, లేవకుంట ఎన్ని కట్టలు చెప్పవ్వా అంది. ఇక భూమవ్వ ఆగలేదు. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. పదకొండు గంటలకల్లా తనే అడగడం మొదలుపెట్టింది, లేవకుంట అనే మాట సరిగ్గా పలక్క ఆడవాళ్లు నవ్వారు. మధ్యాహ్నానికి ఓపీ రిజిస్టర్‌లో స్కేలుతో రెండు కొత్త గళ్లు గీసింది. అప్పుడు. ఇప్పుడు.

సుష్మ బరువు కిలోన్నర పెరిగింది. దగ్గు చాలా తగ్గిందట. లేచుడు ఇంక ఉన్నదక్కా, కాని అవుతలికి పోతలేను అంది.

మార్చి 21, శుక్రవారం

అమ్మ వచ్చింది! ముప్పై నాలుగో టోకెన్. నాన్న స్కూటీ మీద తెచ్చి దింపి, రోడ్డుకు అవతల చాయ్ హోటల్లో పేపర్ తెరిచి కూర్చున్నాడు. ఇటు చూడలేదు.

లైన్లో అమ్మ పక్కన భూమవ్వ. లేవకుంట ఎన్ని కట్టలు జేస్తవక్కా అని అమ్మనడిగింది. నాకు చుట్టడం రాదండీ అంది అమ్మ. అయ్యో పాపం అని భూమవ్వ నిజంగా జాలిపడింది. అమ్మ ఇంటికి వెళ్లి కూడా ఈ మాటకు నవ్విందట.

హన్మవ్వక్క బీపీ మిషన్ పట్టుకుని రోడ్డు దాటి చాయ్ హోటల్‌కు వెళ్లింది. ఏమందో తెలియదు. నాన్న పేపర్ మడిచి చొక్కా చెయ్యి పైకి లాగాడు. నూట డెబ్భై. లోపలికొచ్చి మందు రాయించుకున్నాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు గది అంతా కలియజూసి, ఈ బెంచీలు వీపుకి ఆనవు అని అమ్మతో అన్నాడట.

మార్చి 24, సోమవారం, సాయంత్రం ఆరు

ఇంటింటికీ ఫైళ్లు కడుతున్నాం. ఒకటి నుంచి నూట నలభై ఎనిమిది దాకా నంబర్లు. నా డేటాలో మొదటి నుంచీ నూట నలభై ఏడే. అరవై మూడు లేదు. తాళం వేసిన ఇల్లేమో అనుకున్నాను. గా ఇల్లు నాదే బిడ్డా అంది హన్మవ్వక్క. అడిగెటామెను నేనే, నన్నెవరు అడుగుతరు అంది.

నేను అడిగాను.

అప్పుడు పదహారు. ఇప్పుడు రెండు.

ఎందుకు లేస్తవక్కా అన్నాను. ఎవలన్న పిలుస్తరు, లేస్త అంది. ఎవరూ పిలవనప్పుడు? ఫైళ్లు సర్దుతూ ఉండిపోయింది.

రేపు మంగళవారం. ఒకటో టోకెన్ మీద ఆమె పేరు రాశాను. తనంతట తను రాదు. పొద్దున్నే వెళ్లి నేనే పిలుస్తాను.